పాస్టర్ అయ్యగార్లకు, మా బాపు హేతువాద మిత్రులకు ఒక నర్సు బహిరంగ లేఖ

హన్మకొండ, కాజీపేట, వరంగల్ సంఘాల పాస్టర్ అయ్యగార్లకు వందనాలు. మా బాపుతో ముప్పై ఏళ్లకు పైగా తిరిగిన హేతువాద, మానవవాద మిత్రులకు నమస్కారాలు.

ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాసినందుకు ఇద్దరికీ కోపం రావచ్చు. వేర్వేరుగా రాద్దామనే కూర్చున్నాను. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసుకుంటే సగానికి పైగా అవే మాటలు. మళ్లీ రాసే ఓపిక లేక ఒకటే చేశాను.

పోయిన డిసెంబరులో మా ఇంటి ముందు జరిగింది మీలో చాలామందికి తెలుసు, అక్కడే ఉన్నారు కనుక. బాపు తెల్లవారుజామున నాలుగున్నరకు పోయాడు. డెబ్బై తొమ్మిదేళ్లు. ముప్పై రెండేళ్లు స్టాఫ్ నర్సుగా చేసినదాన్ని, ఏడుపు కన్నా ముందు చేతులు పనిలో పడ్డాయి. ఫ్యాన్ ఆపాను. తల కింద ఇంకో దిండు పెట్టాను. రెప్పలు మూసి తడి దూది వేశాను. కళ్లు ఇవ్వాలంటే ఆరు గంటల లోపు తీయాలి. వాళ్లు వచ్చి తీసుకుని వెళ్లేసరికి ఏడున్నర దాటింది. ఇక మిగిలింది శరీరం. దాని కాగితం రేషన్ కార్డుతో పాటు పాలిథిన్ కవర్లో, ఇనుప పెట్టె అడుగున ఉంది.

ఆ కాగితం కథ ఇదీ. 2002 నవంబరులో ప్రజాకవి కాళోజీ పోయినప్పుడు ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకతీయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. బాపు ఆ రోజు ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా, "బతికినన్నాళ్లు రాసిండు, సచ్చినంక పాఠమైండు" అన్నాడు. ఆ నెలలోనే వెళ్లి తనూ రాసిచ్చి వచ్చాడు. అమ్మ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు సాక్షి సంతకం ఆమే పెట్టింది.

పది గంటలకు అంబులెన్సు వచ్చింది. షామియానా కింద ఒక పక్క చర్చి స్త్రీల సమాజం వాళ్లు పాటల పుస్తకాలతో, ఇంకో పక్క మిత్రులు దండలతో. పాస్టర్ అయ్యగారు ఒకరు నన్ను పక్కకు పిలిచి, "చివరి గడియలో ఏమైనా ఒప్పుకున్నాడా అమ్మా? ఒప్పుకుంటే సంఘంలో సాక్ష్యం చెప్పొచ్చు" అన్నారు. శరీరం ఇచ్చేస్తే భూస్థాపన ప్రార్థన చేయడం కుదరదని కూడా అన్నారు. ఇటు బాపు మిత్రుడొకరు, "సారు జీవితమంతా కాదన్న పాటలు సారు శవం మీద పాడతారా?" అని గొంతు పెంచారు. ఇరవై ఐదు నిమిషాలు. గోడ గడియారం నాకు ఎదురుగానే ఉంది. గేటు మీద క్రిస్మస్ నక్షత్రం వెలుగుతుంటే ఒక కుర్రాడు స్విచ్ ఆపాడు, ఇంకొకరు వేశారు, మళ్లీ ఆపాడు. ఒక్కమాట చెప్పాలి. ప్రతి ఏడాది స్టూలు ఎక్కి ఆ నక్షత్రం కట్టేది బాపే. అమ్మకు చెయ్యి అందదు కాబట్టి.

చివరికి అమ్మ లోపలి నుంచి వచ్చింది. "పాట ఆయనకు కాదు, నాకు" అన్నది. పుస్తకం లేకుండా రెండు చరణాలు పాడి, "ఇగ తీస్కపోండ్రి" అన్నది. మిత్రులు జోహార్ అన్నప్పుడు ఆమె కూడా చెయ్యెత్తింది. ఇది గమనించారో లేదో.

ఆ ఇరవై ఐదు నిమిషాల్లో మీరు వాదించుకున్నది మా బాపు గురించి కాదు. మంచితనం ఎవరి సొత్తు అని. దేవుడు లేకుంటే నీతికి పునాది ఎక్కడిదని ఒకరు, దేవుడి భయంతో చేసేది నీతి ఎట్లవుతుందని ఇంకొకరు. మీ వాదం నేను చిన్నప్పటి నుంచి మా ఇంట్లో అన్నం ముందు విన్నదే. బాపు సువార్తికుడి కొడుకు, నలభై ఏళ్ల వయసులో చర్చి మానేశాడు. అమ్మ ఆదివారం ఆరాధన ఒక్కటి తప్పలేదు. కాబట్టి రెండు పక్షాల లోగుట్టూ నాకు కొంత తెలుసు.

ముందు అయ్యగార్లతో.

ఎవరూ చూడకపోతే మనిషి ఎందుకు మంచిగా ఉంటాడని ప్రసంగాల్లో అడుగుతారు. పరీక్ష హాల్లో సారు లేకపోతే కాపీ కొట్టరా అని ఉదాహరణ చెప్తారు. రాత్రి రెండు గంటలకు వార్డులో ఎవరూ చూడరు అయ్యగారూ. పక్షవాతం పేషెంటును రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు పుండ్లు పడుతుంది. తిప్పామా లేదా అని అడిగే డాక్టరు తొమ్మిదింటికి గాని రాడు. తిప్పిన చేతుల్లో బొట్టు పెట్టుకున్నవాళ్లవీ, బురఖా వేసుకునేవాళ్లవీ, ఏ దేవుడికీ మొక్కనివాళ్లవీ ఉన్నాయి. తిప్పకుండా కునుకు తీసినవాళ్లలో మెడలో సిలువ ఉన్నవాళ్లనూ చూశాను. పైన కెమెరా ఉందని చెప్పి మనిషిని మంచిగా ఉంచడం మీ గ్రంథంలో కూడా గొప్ప సంగతిగా లేదు. ధర్మం చేసేటప్పుడు కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియొద్దన్నాడు కదా ఏసు. రోమీయులకు రాసిన ఉత్తరం రెండో అధ్యాయంలో పౌలు, ధర్మశాస్త్రం లేని అన్యజనులు కూడా స్వభావసిద్ధంగా దాని పనులు చేస్తున్నారనీ, అది వాళ్ల హృదయాల మీద రాసి ఉందనీ ఒప్పుకున్నాడు. పౌలు ఒప్పుకున్నదాన్ని మా షామియానా కింద మీరెందుకు ఒప్పుకోలేదు?

ఇంకా లోతుకు పోతే, మంచిది కాబట్టి దేవుడు ఆజ్ఞాపించాడా, దేవుడు ఆజ్ఞాపించాడు కాబట్టి మంచిదైందా అనే ప్రశ్న ఉంది. గ్రీకు దేశంలో సోక్రటీసు అడిగాడని బాపు చెప్పేవాడు. అమ్మ దానికి బైబిల్లో ఆదికాండం తెరిచేది. సొదొమ పట్టణాన్ని నాశనం చేయబోతుంటే అబ్రాహాము దేవుడికి ఎదురు నిలబడి, సర్వలోకానికి తీర్పు తీర్చేవాడు న్యాయం చేయడా అని అడుగుతాడు. యాభై మంది నీతిమంతుల దగ్గర మొదలుపెట్టి పది దాకా బేరమాడతాడు. న్యాయమంటే ఏమిటో ముందే తెలియకపోతే దేవుణ్ణి ఆ మాట అడిగేదెట్ల? "మీ సోక్రటీసు మా అబ్రాహాము దగ్గర కూర్చోవాల్సింది" అని అమ్మ అంటే, బాపు నవ్వి ఇంకో ముద్ద కలిపేవాడు. వాదంలో బాపు ఓడిపోయిన సందర్భాలు తక్కువ, ఇది ఒకటి.

శరీరదానం సంగతి. పునరుత్థాన దినాన లేవడానికి ఒళ్లుండాలి అన్నారు ఒక పెద్దాయన. సముద్రంలో మునిగినవాళ్లు, విశ్వాసం కోసం మంటల్లో కాలిన హతసాక్షులు లేవరా మరి? గోధుమగింజ భూమిలో పడి చస్తేనే విస్తారంగా ఫలిస్తుందని యోహాను సువార్తలో ఉంది. అనాటమీ హాల్లో మొదటి సంవత్సరం పిల్లలు కత్తి పట్టుకునే బల్ల కూడా ఒక పొలమే. మీ సంఘాల్లో ఒక్క ఆదివారం నేత్రదానం గురించి చెప్పండి. ఫారాలు నేను తెస్తాను.

ఇంకొకటి, ఇది కొంచెం కటువుగానే చెప్తాను. స్వస్థత కూటాల్లో మందులు మానేయమనే మాట ఏ పాస్టర్ నోటి నుంచీ రాకూడదు. మా మేనత్త టీబీకి ఆరు నెలల కోర్సులో మూడో నెలలో గోలీలు ఆపేసింది. తగ్గిపోయిందని సాక్ష్యం చెప్పమన్నారు, చెప్పింది, చప్పట్లు కొట్టారు. దగ్గు తిరిగొచ్చినప్పుడు పాత మందులు పనిచేయలేదు. ఆ కూటం పెట్టినవాళ్లు ఆమె భూస్థాపనకు రాలేదు. ఊళ్లల్లో బాణామతి, అంటే చేతబడి, పేరు చెప్పి ముసలివాళ్లను కొట్టి చంపే రోజుల్లో, మెదక్, కరీంనగర్ వైపు ఊరూరా తిరిగి అది అబద్ధమని చెప్పింది ఎక్కువగా ఈ హేతువాదులే, సైన్సు ప్రచారం చేసేవాళ్లే. దయ్యాలు వెళ్లగొడతామనే వేదికల నుంచి ఆ మాట చెప్పడం కష్టం, నిజమే.

ఇప్పుడు బాపు మిత్రులు నవ్వకండి. మీ వంతు వచ్చింది.

డిచ్‌పల్లి ఆసుపత్రి గురించి మీ సభల్లో ఎప్పుడైనా మాట్లాడారా? నిజామాబాద్ పక్కన, 1915లో మెథడిస్టు మిషన్ డాక్టరమ్మ ఇసబెల్ కెర్, ఆమె భర్త కలిసి మొదలుపెట్టారు. కుష్ఠు ఉన్నవాళ్లను ఊరు బయటికి తరిమే కాలం. చాల్‌మోగ్రా గింజల నూనె ఇంజెక్షన్లు ఇచ్చేవాళ్లు. డబ్బు పెట్టినవాళ్లలో ముఖ్యుడు రాజా నర్సాగౌడ్, ఆయన హిందువు. మా అమ్మమ్మ వాళ్ల అక్క అక్కడ నాలుగేళ్లుంది. ఆమె గురించి మా ఇంట్లో మిగిలిన మాట ఒక్కటే: "దొరసాని నా చెయ్యి పట్టుకుంది." మందు సంగతి చెప్పేది కాదట, చెయ్యి పట్టుకున్న సంగతే చెప్పేదట. వేళ్లు లేని ఆ చేతిని పట్టుకోవడానికి లెక్క ఏమీ సరిపోదు. ఎంతమందికి లాభం, ఎంత ఖర్చు అని చూస్తే ఆ చెయ్యి చివర్లో కూడా రాదు. మనిషి దేవుడి స్వరూపంలో ఉన్నాడనే నమ్మకం ఆ డాక్టరమ్మను అక్కడిదాకా నడిపించింది. మీరు అదే గౌరవాన్ని దేవుడు లేకుండా నిలబెడతామంటారు. నిలబెట్టండి, నేను కాదనను. కానీ కరోనా రెండో వేవ్‌లో ఆక్సిజన్ పడకల కోసం వరుస కట్టినప్పుడు, చదువుకున్నవాళ్లు, ఏ దేవుడినీ నమ్మని ఒకాయన కూడా, "ముసలాయనకు ఎందుకు మేడమ్, కుర్రాడికి ఇవ్వండి" అన్నారు. అందులో తర్కం ఉంది. ఆ ముసలాయన కళ్లలోకి చూసి ఆ తర్కం చెప్పడం మాత్రం నా వల్ల కాలేదు. ఆ రోజు ఏం చేయాలో మీ పుస్తకాల్లో ఉందా? అయ్యగార్ల పుస్తకంలో కూడా సూటిగా లేదులెండి.

మీరంటే నాకు చులకన లేదు. కృష్ణా జిల్లా ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా గురించి బాపు ఎన్నిసార్లు చెప్పాడో. గోరా గాంధీ దగ్గరికి వెళ్లి దేవుడి మీదే వాదించాడు. వాళ్ల పెద్దమ్మాయి పెళ్లి దళిత యువకుడితో గాంధీ ఆశ్రమం సేవాగ్రాంలో జరగాలనుకున్నారు. ప్రమాణంలో దేవుడి పేరు బదులు సత్యం పేరు పెట్టడానికి గాంధీ ఒప్పుకున్నాడు. పెళ్లినాటికి గాంధీ లేడు, 1948 మార్చిలో ఆ పెళ్లి అక్కడే జరిగింది. ఇద్దరిలో ఎవరూ తన మాట వదులుకోలేదు, పెళ్లీ ఆగలేదు. మన షామియానా కింద మాత్రం ఒక పాట దగ్గర ఆగిపోయాం.

కులం విషయంలో ఇద్దరూ ఒకరి వైపు ఒకరు వేలు చూపిస్తారు. క్రైస్తవుడైన దళితుడికి 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా లేదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఇచ్చారు, మాకు ఇవ్వలేదు. బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్, అంతే. అందుకే ఆదివారం ఒక మతం, సర్టిఫికెట్‌లో ఒక మతం. దీన్ని పట్టుకుని మా నిజాయితీని ఎగతాళి చేసే మానవవాదులు, మతాన్ని బట్టి హక్కు పోవడం లౌకిక రాజ్యంలో ఏం న్యాయమో చెప్పాలి. అబద్ధమాడరాదని బోధించే సంఘం, తన పిల్లలు ఎందుకు రెండు పేర్లతో బతుకుతున్నారో నోరు విప్పి మాట్లాడాలి. పెళ్లి సంబంధాల దగ్గర మాలలు, మాదిగలు అని చూసుకునే సంఘ పెద్దలనూ, కూతురి పెళ్లికి సొంత కులంలోనే "ప్రగతిశీల" వరుణ్ణి వెతికే హేతువాదులనూ నేను సమానంగానే చూశాను. ఈ సంగతి ఇంకా రాస్తే ఉత్తరం తెగదు.

నాకు నిజంగా చెప్పాలనిపించింది ఇది. ఇదివరకు మీలో ఎవరికీ చెప్పలేదు.

సర్వీసులో చేరిన నాలుగో ఏడు. నైట్ డ్యూటీ, మెడికల్ వార్డు, ముప్పై పడకలకు యాభై మంది, కింద పరుపులు. ఇద్దరు మల్లయ్యలున్నారు. మా వైపు ఐనవోలు మల్లన్న పేరు ఇంటికొకరికి ఉంటుంది. ఒక మల్లయ్యకు షుగర్, ఇంకో మల్లయ్యకు జ్వరం. షుగర్ మల్లయ్య ఇన్సులిన్ నేను జ్వరం మల్లయ్యకు వేశాను. అరగంటకు చెమటలు, వణుకు, ఫిట్స్. డెక్స్‌ట్రోస్, అంటే గ్లూకోజు, ఎక్కించి తెల్లవారేదాకా పక్కనే నిలబడ్డాను. బతికాడు. ఎవరికీ తెలియదు. కేస్ షీట్లో రాయకపోయినా జరిగిపోయేది.

పొద్దున బాపుకు చెప్పాను. ఆయన ఏడవనివ్వలేదు. "ఒప్పుకొని రాసియ్యి. ఎట్ల జరిగిందో చూడు, ఇంకొకరికి జరగకుంట చెయ్యి" అన్నాడు. రాసిచ్చాను. మెమో వచ్చింది, ఇంక్రిమెంటు ఆగింది. కానీ ఆ వార్డులో అప్పటి నుంచి పేరుతో పాటు తండ్రి పేరు, ఊరు, మంచం నంబరు కూడా రాయడం మొదలైంది, సూది వేసే ముందు పేషెంటు నోటితోనే పేరు చెప్పించడం మొదలైంది. అది బాపు పుణ్యం. ఆ మాట ఆయనకు నచ్చదు, అయినా అంటాను.

కానీ నిద్ర రాలేదు. నెల దాటింది. తప్పు సరిదిద్దుకున్నాను కదా, ఇంకేం కావాలని బాపు నిజంగానే అర్థం కాక అడిగాడు. అమ్మ అడగలేదు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, "నువ్వు దేవుణ్ణి అడిగినవ్, ఆఫీసును అడిగినవ్. మల్లయ్యను అడిగినవా?" అన్నది. ఇద్దరం పరకాల బస్సెక్కి, దిగి రెండు కిలోమీటర్లు నడిచాం. మల్లయ్య పత్తి చేను దగ్గర ఉన్నాడు. ఆయన భార్య గుమ్మంలో కూర్చోబెట్టింది. నేను మొత్తం చెప్పాను. ఇన్సులిన్ అంటే ఏమిటో కూడా చెప్పాల్సి వచ్చింది. ఆమె చాలాసేపు నా మొఖం చూసి, లోపలికి పోయింది. తిట్టడానికి మనుషులను పిలుస్తుందనుకున్నాను. స్టవ్ చప్పుడు వినిపించింది. గ్లాసు చేతికిస్తూ, "తెల్వక జరిగింది బిడ్డా. తెల్లారిందాక నిలవడ్డది నువ్వేనట గదా, మా ఆయన చెప్పిండు. చాయ్ తాగు" అన్నది. గోడ మీద మల్లన్న పటం. ఆమె ఏ చర్చికీ రాలేదు, ఏ మానవవాద సభకూ పోలేదు.

ఆ రోజు నుంచి మీ ఇద్దరి వాదం నాకు వేరేగా వినిపిస్తుంది. తప్పు మళ్లీ జరగకుండా చూసే మనిషి కావాలి. ఆ పనిలో మా బాపు మార్గం పదునైనది, అయ్యగార్లలో చాలామందికి అది అలవాటు లేదు. క్షమాపణ ప్రార్థనతోనే పని అయిపోయిందనుకుంటారు. జరిగిపోయి, ఇక సరిదిద్దలేని తప్పుతో ఏం చేయాలో మానవవాద మిత్రుల దగ్గర నాకు జవాబు దొరకలేదు. పశ్చాత్తాపం అనే మాటనే మూఢనమ్మకంలా పక్కన పెడతారు. దానికి దేవుడు ఉండాలో లేదో మీరు మీరు తేల్చుకోండి, నాకు మాత్రం ఒక గుమ్మం కావలసి వచ్చింది. ఆ గుమ్మం దాకా తీసుకుపోయింది అమ్మ, అంటే ఆమె విశ్వాసం. చాయ్ ఇచ్చింది మల్లయ్య భార్య.

చనిపోయేవాళ్ల దగ్గర కూర్చునే విషయంలోనూ అంతే. స్త్రీల సమాజం వాళ్లు బాపు మంచంలో పడ్డ ఏడు నెలల్లో, ఆయన నాస్తికుడని తెలిసి కూడా, వారానికి రెండుసార్లు వచ్చారు. ఒకామె గంజి కాచింది, ఒకామె దుప్పట్లు ఉతికింది. అయ్యగారూ, మీ ప్రసంగాల కన్నా ఆ దుప్పట్లే బాపును ఎక్కువ ఇబ్బంది పెట్టాయి. "వీళ్లకు నేనేం జవాబు చెప్పాలె" అన్నాడు నాతో. మిత్రులు మొదటి నెల వచ్చారు, పుస్తకాలు తెచ్చారు, మంచి చర్చ చేశారు. తర్వాత ఫోన్లు. తర్వాత సంస్మరణ సభకు ఫ్లెక్సీ. ఆ ఫ్లెక్సీలో ఫోటో చాలా బాగా వచ్చింది, అది వేరే సంగతి. ఒక్కాయన మాత్రం చివరిదాకా ప్రతి బుధవారం వచ్చి గడ్డం గీసేవాడు. పేరు రాస్తే ఆయనకు ఇష్టం ఉండదు.

మత్తయి సువార్తలో ఇద్దరు కొడుకుల కథ ఉంది. తండ్రి ద్రాక్షతోటకు పొమ్మంటే ఒకడు పోనని చెప్పి తర్వాత పోతాడు, ఇంకొకడు పోతానని చెప్పి పోడు. బాపుకు బైబిలంతా కంఠతా వచ్చు, అందులో ఆయనకు ఇష్టమైన కథ అదే. తాను పోనన్నవాణ్ణని గర్వంగా చెప్పుకునేవాడు. అమ్మ, "పోతనని చెప్పి పోయినోళ్లు కూడ ఉంటరు, నన్ను చూడు" అనేది.

శరీరం ఇచ్చిన ఇంట్లో సమాధి ఉండదు. నల్లబండలు తుడవడానికి, పూలు పెట్టడానికి చోటుండదు. నాకు ఫర్వాలేదు, అమ్మకు లోటే. అయ్యగార్లు ఆమెకు ప్రార్థన చేయడం కుదరదంటే ఆమె ఎక్కడికి పోవాలి? మిత్రులు ఏడుపును బలహీనత అనుకుంటే ఆమె ఎవరి ముందు ఏడవాలి? మెడికల్ కాలేజీ గేటు దాకా ఒకరోజు తీసుకుపోయాను. పిల్లలు తెల్లకోట్లు వేసుకుని బయటికి వస్తుంటే, "వీళ్లల్ల ఎవరికో" అని మాత్రం అన్నది.

ఈ డిసెంబరు రెండో ఆదివారం సాయంత్రం ఐదింటికి బాపు ఏడాది. ఇంటి ముందే. అమ్మ ఒక పాట పాడుతుంది, అయ్యగార్లలో ఒకరు ప్రార్థన చేస్తారు, మిత్రుల్లో ఒకరు బాపు రాసుకున్న నోటుపుస్తకం నుంచి రెండు పేజీలు చదువుతారు. ఎవరు ముందనేది చీటీ వేసి తేలుద్దాం. కుర్చీలు అరవై చెప్పాను, పులిహోర, చాయ్. నేత్రదానం ఫారాలు బల్ల మీద ఉంటాయి. ఒకరి మాటకు ఒకరు అడ్డు రావద్దు, గట్టిగా వాదించుకోవాలంటే చాయ్ తర్వాత వాదించుకోండి, నేనూ వింటాను.

ఒక్క సాయం కావాలి. నక్షత్రం ఇంకా అటక మీదే ఉంది, బల్బు పోయింది. నా మోకాళ్లకు స్టూలు ఎక్కే ఓపిక లేదు. మీలో ఎవరైనా నాలుగున్నరకే వస్తే కింద స్టూలు నేను పట్టుకుంటాను. పోయినసారి స్విచ్ ఆపిన కుర్రాడు వస్తే ఇంకా మంచిది, పొడుగ్గా ఉన్నాడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
హన్మకొండ